నవ్వించు నేరకథలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను పండితుడను కాను. పగలు ఊరి లెక్కలు వ్రాసికొని, రాత్రులు నిఘంటువు ప్రక్కన పెట్టుకొని కావ్యములు చదువుకొన్నవాడను. నేటి విషయము ఎత్తుకొనుటకు ముందు ఒక తప్పు ఒప్పుకొనవలెను. కొన్నియేండ్ల క్రిందట మన కార్యవర్గ సమావేశములో, దొంగతనమును హత్యను నవ్వులాటగా చెప్పు నవలలను కొనరాదని పట్టుపట్టినవాడను నేనే. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నేరమును నేరముగా చూచును గనుక సరే. హత్యను జూపి నవ్వించు పుస్తకము మన పిల్లలకేల అంటిని. నా మాటయే నెగ్గినది.

తరువాత కొన్నాళ్లకు మన బీరువాలోనే కేతన దశకుమారచరిత్రము నా చేతికి వచ్చినది. 13వ శతాబ్దిలో దండి గ్రంథమును తెనిగించి, కేతన తిక్కనకు అంకితమిచ్చెను. అందు అపహారవర్మ యనువాడు, ధనము నిలుకడ లేనిదని లోభులకు బోధించుటకై వారి యిండ్లనే దోచును! భారతము రచించిన మహానుభావుడు అట్టి కథను అంకితము పుచ్చుకొనగా, నేను కొనరాదంటిని.

పిమ్మట శూద్రకుని మృచ్ఛకటికమును మరల చదివితిని. మూడవ అంకములో శర్విలకుడను బ్రాహ్మణుడు, తాను వలచిన మదనికను దాస్యమునుండి విడిపించు ధనమునకై, చారుదత్తుని ఇంటికి కన్నము వేయును. గోడయెదుట నిలిచి, పద్మాకారమా, సూర్యాకారమా, బాలచంద్రాకారమా అని శాస్త్రచర్చ చేసి, కాల్చిన ఇటుకకు పూర్ణకుంభమే తగునని నిశ్చయించును. కొలత్రాడు మఱచివచ్చెను గనుక జందెముతో కొలుచును. పాము వ్రేలు కఱవగా ఆ జందెముతోనే కట్టు కట్టుకొనును. లోపల మైత్రేయుడు నిద్రలో కలవరించుచు నగలమూటను తానే దొంగచేతిలో పెట్టును. మేల్కొన్న చారుదత్తుడు కన్నపు పనితనమును మెచ్చుకొని, దొంగ వట్టిచేతులతో పోలేదని సంతోషించును. మనము పకపక నవ్వుదుము. అంతలో ఆ నగలు వసంతసేన దాచుమని యిచ్చిన సొత్తని మైత్రేయుడు జ్ఞప్తి చేయును. చారుదత్తుడు మూర్ఛపోవును. పేదవాని మాట ఎవరు నమ్ముదురు? భార్య ధూత తన రత్నహారమును తీసి యిచ్చును.

ఇట్టి కథలు మనలను ఆకర్షించుటకు కారణము ఇచ్చటనే యున్నదని నా నమ్మకము. నీతి చెప్పు కథయైనచో గుమ్మము బయటనే మనస్సు గట్టిచేసికొందుము. నవ్వు మనలను దొంగవెంట కన్నములోనుండి లోపలికి తీసికొనిపోయి, ఆ యింటివారి నష్టము కన్నులార చూపును.

ఆ నాటకములోనే శకారుడు రాజుగారి బావమఱది. రావణునికి కుంతి చిక్కినట్లు నాకు చిక్కితివని వసంతసేనతో అనును. ఇతిహాసములను కలగాపులగము చేయు ఈ మూఢుడు ఏమి చేయగలడని నవ్వుదుము. వాడే ఆమె గొంతు నులిమి, చచ్చినదనుకొని ఆకులు కప్పి పోయి, నేరము చారుదత్తునిపై మోపును. న్యాయస్థానములో, ఎవరును అడుగకమునుపే తాను చంపలేదని నోరు జారును. న్యాయాధికారి ఆ మాట వ్రాయుమనును. కాయస్థుడు వ్రాయును. శకారుడు దానిని కాలితో తుడిచివేయును.

అచ్చట నేను నవ్వి, వెంటనే పుస్తకము మూసివేసితిని. నా యౌవనములో ఒక పెద్దమనిషి చెప్పగా, ఒక పేదవాడు కట్టిన పైకపు పద్దును నేను కొట్టివేసితిని. ఆతడు రెండవసారి కట్టుకొన్నాడు. ఎన్నియో నీతిగ్రంథములు చదివితిని. ఏదియు నాకు ఆ పద్దును గుర్తు చేయలేదు. ఈ నవ్వులపాలైన దుర్మార్గుడు కాలెత్తగానే అది కన్నులయెదుట నిలిచినది. ఆ పైకమును ఆతని కుటుంబమునకు ముట్టజెప్పితిని. పోయిన నమ్మకమును తిరిగి యిచ్చుట మాత్రము నావలన కాలేదు. చారుదత్తునికి మరణశిక్ష పడినది. వసంతసేన ప్రాణములతో వచ్చుటచేత ఆతడు బ్రతికెను గాని, చెరిపిన వ్రాత ఆతనిని కాపాడలేదు.

అట్లని నవ్వించు నేరకథ యెల్ల మంచిదనను. చచ్చినవానిని మఱపించి, చంపినవాని తెలివికే చప్పట్లు కొట్టించు పుస్తకము నాకిప్పటికిని రుచింపదు. నవ్విన పిమ్మట నష్టపడినవాడు జ్ఞప్తియందు నిలుచునా అన్నదే నా కొలత. ఆ కొలతకు నిలిచినది మన పిల్లలు నిర్భయముగా చదువవచ్చును.

కావున, నా మాటపై చేసిన ఆ పాత తీర్మానమును రద్దుచేయవలసినదిగా కార్యవర్గమువారిని నేనే ప్రార్థించుచున్నాను. మొదట కొను అయిదు పుస్తకముల వెల నేను చెల్లింతును. నా పేర పద్దు వ్రాసికొనుడు. ఆ పద్దును ఎవరు చెప్పినను కొట్టివేయకుడు. సెలవు.