తొలి బిడ్డకు తొలి ఆహారం : ముందుగా సిద్ధం కావలసినది ఎవరు?

(యువ ఉద్యోగుల కోసం శాఖా కార్యాలయంలో ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వేదికపై మనం సాధారణంగా చర్చించుకొనేవి కరువుభత్యం, బదిలీలు, పింఛను, పనిగంటలు. ఈనాడు నాకు అప్పగించిన విషయం వాటికి భిన్నమైనదిగా తోచవచ్చును. తొలిసారి తల్లిదండ్రులు కాబోతున్నవారు పుట్టబోయే బిడ్డకు పాలు పట్టుటకు ఏ విధంగా సిద్ధం కావలెను అన్నదే ఆ విషయం. ఇది ఆడవారి సంగతి, ఇంట్లో అమ్మమ్మలు, నాయనమ్మలు చూచుకొంటారు, దీనికి సంఘం ఎందుకని కొందరు సోదరులు అనుకొనవచ్చు. సెలవు సంఘం విషయమే. డ్యూటీ పట్టిక సంఘం విషయమే. పనిచోట ఒక గది, ఒక తలుపు, ఆ తలుపుకు ఒక గడియ ఉండుట కూడ సంఘం విషయమే. పసిబిడ్డ ఆహారం ఈ మూడింటిపైన ఆధారపడి ఉన్నప్పుడు అది మన విషయం కాకుండా ఎట్లా పోతుంది?

నేను వైద్యుణ్ణి కాను. వైద్యశాస్త్రం నిర్ధారించిన సంగతులను, మనకు వర్తించే నిబంధనలను ఒకచోట చేర్చి మీ ముందుంచుట మాత్రమే నా పని.

మొదటి గంట

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో నూటికి 88.6 కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుతున్నవి. అయితే పుట్టిన గంటలోపల తల్లిపాలు నోచుకొన్న పిల్లలు నూటికి 41.8 మంది మాత్రమే. ఆరు నెలలలోపు పిల్లలలో కేవలం తల్లిపాల మీద పెరుగుతున్నవారు నూటికి 63.7 మంది. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. తల్లి ఆసుపత్రికి చేరినది, వైద్యులు ఉన్నారు, నర్సులు ఉన్నారు, అయినప్పటికీ సగానికి పైగా బిడ్డలకు మొదటి గంటలో పాలు అందలేదు. లోపం తల్లి శరీరంలో లేదు, ముందస్తు ఏర్పాటులో ఉన్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది స్పష్టం. పుట్టిన గంటలోపల పాలు పట్టించవలెను. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప మరేమీ, చివరకు నీరు కూడ, ఇవ్వరాదు. ఆ తరువాత ఇతర ఆహారం ప్రారంభించి, రెండేళ్ళు లేదా అంతకు మించి తల్లిపాలు కొనసాగించవలెను. వైద్యుడు వ్రాసిన మందులు, విటమిన్ చుక్కలు మాత్రమే ఇందుకు మినహాయింపు.

కావున మొదటి సన్నాహం కాన్పుకు ముందే జరగవలెను. ఏడవ నెలలోనో, ఎనిమిదవ నెలలోనో భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్ళి వైద్యురాలిని అడుగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నవి. బిడ్డ పుట్టిన వెంటనే తల్లి రొమ్ముపై పడుకోబెడతారా? ఆపరేషన్ జరిగితే ఎంతసేపటికి బిడ్డను ఇస్తారు? బిడ్డను పట్టుకొనే తీరు చూపించే నర్సు ఎవరు? ఆపరేషన్ జరిగిన తల్లి కూడ, వైద్యపరమైన అడ్డంకి లేకుంటే, పక్కన ఒకరు సాయం పట్టగా మొదటి గంటలోనే పాలివ్వగలదు. ఆ పక్కన ఉండే మనిషి ఎవరన్నది ముందే నిర్ణయించుకొనవలెను.

ముర్రుపాలు, మన ఇండ్లలోని నమ్మకాలు

కాన్పయిన మొదటి రెండు మూడు రోజులలో వచ్చే ముర్రుపాలు పసుపుపచ్చగా, చిక్కగా, అతి స్వల్పంగా ఉంటవి. అవి చెడ్డపాలని పిండి పారబోసే అలవాటు కొన్ని ఇండ్లలో ఇంకా మిగిలి ఉన్నది. వ్యాధులను ఎదిరించే శక్తి బిడ్డకు ముందుగా అందేది ఆ పాలలోనే. మొదటి రోజున బిడ్డకు ఒక్కొక్కసారి ఒకటి రెండు చిన్న చెంచాల పాలు చాలును. కొద్దిగా వచ్చినవని దిగులు పడనక్కరలేదు. సాధారణంగా రెండవ రోజు నుంచి నాలుగవ రోజులోపల పాలు సమృద్ధిగా దిగుతవి. ఆపరేషన్ అయినవారికి ఒకరోజు ఆలస్యం కావచ్చు.

తేనె నాకించుట, ఆముదం పోయుట, చక్కెర నీళ్ళు పట్టుట పెద్దలు ప్రేమతోనే చేస్తారు. అయితే ఏడాదిలోపు బిడ్డకు తేనె ప్రమాదకరం, ఆముదం అనవసరం. మన ఎండలకు బిడ్డకు దాహం వేయదా అని అడుగుతారు. తల్లిపాలలో నూటికి 87 వంతులకు పైగా నీరే ఉన్నది. అదే విధంగా బాలింతరాలు నీరు ఎక్కువ త్రాగితే బిడ్డకు జలుబు చేస్తుందని దాహం అణచివేయుట, పథ్యమని రెండు ముద్దల కారప్పొడి అన్నంతో సరిపెట్టుట తల్లికి చేసే అన్యాయం. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు సుమారు 600 కేలరీల అదనపు ఆహారం అవసరమని భారత వైద్య పరిశోధన మండలి నిర్దేశించినది. పప్పు, ఆకుకూర, పాలు, గుడ్డు, తినేవారికి చేప, దాహం వేసినప్పుడల్లా నీరు - ఇదే ఆమెకు సరియైన పథ్యం. పెద్దలకు ఈ మాటలు కాన్పు గది వాకిట్లో కాక, రెండు నెలలు ముందుగానే, గౌరవంగా కూర్చుని చెప్పవలెను.

పాలు చాలుతున్నవా?

తొలి కాన్పు తల్లులందరినీ బాధించే ప్రశ్న ఇది. బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, రాత్రివేళ సహా, పాలు త్రాగుట సహజం. ఎంతగా చప్పరిస్తే అంతగా పాలు ఊరుతవి. బిడ్డ నోరు పెద్దగా తెరచి, చనుమొనను మాత్రమే గాక చుట్టూ ఉన్న నల్లని భాగంలో ఎక్కువ వంతును కూడ నోటిలోకి తీసుకొనవలెను. గడ్డం రొమ్మును తాకవలెను. నొప్పి కొనసాగితే పట్టు సరిగా లేదని అర్థం. అప్పుడు విడిపించి మళ్ళీ పట్టించవలెను.

ఐదారు రోజులు గడచిన తరువాత బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, పాలు త్రాగిన పిమ్మట తృప్తిగా ఉంటే పాలు చాలుతున్నట్లే. మొదటి రోజులలో బరువు కొద్దిగా తగ్గి, రెండు వారాలలో తిరిగి పుట్టినప్పటి బరువుకు చేరుట మామూలే. బిడ్డ పాలు త్రాగుట మానినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, ఒళ్ళు కాలినా చల్లబడినా, ఎగశ్వాస వచ్చినా, అరచేతులు అరికాళ్ళు పచ్చబడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళవలెను. ఆసుపత్రిలో కాన్పు జరిగిన ఇంటికి కూడ ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులలో వచ్చి చూడవలసి ఉన్నది. ఆమె పేరు, ఫోను నంబరు ముందే తెలుసుకొని ఉంచుకొనండి.

తండ్రి ఎక్కడ?

మన ప్రాంతాలలో తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళుతుంది. భర్త డ్యూటీ ఊరిలోనే ఉంటాడు. కొన్నేళ్ళ క్రితం ఒక గేట్‌మన్ సోదరుని కుటుంబంలో జరిగిన సంగతి చెబుతాను. రెండవరోజు రాత్రి బిడ్డ ఏడ్చినది. తల్లికి పాలు లేవని చుట్టూ ఉన్నవారు తీర్మానించి పాలపొడి డబ్బా, సీసా తెప్పించినారు. సీసాతో కడుపు నిండిన బిడ్డ తల్లి వద్ద చప్పరించుట తగ్గించినది. చప్పరించుట తగ్గినందున పాలు తగ్గినవి. మూడవ వారానికి డబ్బా ఖరీదు భారమై పొడి తగ్గించి నీరు పెంచినారు. బిడ్డ బరువు తగ్గి, విరేచనాలతో ఆసుపత్రి చేరిన తరువాత తండ్రికి కబురు వచ్చినది. భార్య తన దగ్గర లేదు గదా, తనకు సెలవెందుకని ఆ సోదరుడు పితృత్వ సెలవుకు దరఖాస్తే పెట్టలేదు. ఓపికగల ఒక నర్సు పగలూ రాత్రీ బిడ్డను తల్లికి పట్టించి, క్రమంగా సీసా మాన్పించినందువల్ల ఆ బిడ్డ కోలుకొన్నది.

ఆ రెండవరోజు రాత్రి ముర్రుపాల సంగతి ముందే తెలుసుకొన్న తండ్రి పక్కన ఉండి, భయపడవద్దు, మళ్ళీ పట్టించు అని చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు. అందుకొరకే ఆ సెలవు ఉన్నది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన పురుషులకు 1997 నుంచి 15 రోజుల పితృత్వ సెలవు కలదు. కాన్పుకు 15 రోజులు ముందు నుంచి, బిడ్డకు ఆరు నెలలు నిండేలోపల దానిని వాడుకొనవచ్చును. వాడకుంటే అది రద్దవుతుంది. రన్నింగ్ సిబ్బంది, ఆర్.ఎం.ఎస్. సోదరులు, పోస్ట్‌మన్ సోదరులు కాన్పు తేదీ తెలిసిన వెంటనే లిఖితపూర్వకంగా తెలియజేయండి. ప్రత్యామ్నాయం లేదని పై అధికారి అంటే శాఖా కార్యదర్శి వద్దకు రండి. సెలవులో ఉన్న తండ్రి పనులు మూడు : రాత్రి బిడ్డను తల్లికి అందించుట, త్రాగిన తరువాత భుజాన వేసుకొని త్రేన్పించుట, తల్లి వేళకు తిని నిద్రించేటట్లు చూచుట. ఆమె దిగులుగా, తరచు కన్నీరు పెట్టుకొంటూ ఉంటే దానిని చాదస్తమని కొట్టివేయక వైద్యునికి చూపించుట కూడ అతని బాధ్యతే.

ఉద్యోగం చేసే తల్లి

1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తొలి మహాసభలోనే ప్రసూతి రక్షణ ఒప్పందం ఆమోదింపబడినది. పాలిచ్చే తల్లికి పనివేళలో రోజుకు రెండుసార్లు అరగంట విరామం అందులోనే ఉన్నది. మన కేంద్ర ఉద్యోగినుల ప్రసూతి సెలవు 1997లో 135 రోజులై, 2008లో 180 రోజులైనది. గ్రామీణ డాక్ సేవకులైన సోదరీమణులకు కూడ నేడు 180 రోజులు కలదు. కాన్పుకు 30 రోజులు ముందే సెలవు పెట్టినచో బిడ్డకు మిగిలేది 150 రోజులే. ఆరు నెలలు నిండుటకు ఒక నెల తక్కువ. కావున ప్రసూతి సెలవుకు ఇతర సెలవును కలుపుకొనే హక్కును, సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవును లెక్కలో పెట్టుకొని ముందుగానే పథకం వేసుకొనండి.

డ్యూటీలో చేరిన తరువాత పాలు మాన్పించనక్కరలేదు. చేరుటకు రెండు వారాలు ముందు నుంచి చేతితో పాలు పిండుట అభ్యసించవలెను. చేతులు కడుగుకొని, ఉడికించిన మూతగల గిన్నెలో తీయవలెను. మన వేడికి బయట నాలుగు గంటలకు మించి ఉంచరాదు, ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంచవచ్చు. పొయ్యిమీద కాచరాదు. గిన్నెను గోరువెచ్చని నీటిలో ఉంచితే చాలును. పట్టుటకు సీసా అక్కరలేదు. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె ఉన్నది. శుభ్రపరచుట సులభం, బిడ్డ తల్లిరొమ్మును మరువదు.

ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లో వచ్చినది. బిడ్డకు 15 నెలలు నిండువరకు రోజుకు రెండు పాలిచ్చే విరామాలను అది గుర్తించినది. 2017 సవరణ సెలవును 26 వారాలకు పెంచి, 50 మంది పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ కేంద్రాన్ని తప్పనిసరి చేసినది. 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ హక్కులు ఉన్నవి. మన స్టేషన్లను ఊడ్చే, మన బోగీలను కడిగే కాంట్రాక్టు సోదరీమణులను మరువరాదు. రోజుకూలీ స్త్రీలకు కూడ ప్రసూతి ప్రయోజనం చెందవలెనని సుప్రీంకోర్టు 2000లో ఢిల్లీ మస్టర్ రోల్ కార్మికురాండ్ర కేసులో తీర్పు చెప్పినది. బహిరంగ ప్రదేశాలలో పాలిచ్చే గదుల ఆవశ్యకతను 2025 ఫిబ్రవరిలో అదే న్యాయస్థానం నొక్కి చెప్పినది.

డబ్బా వ్యాపారం, నిజమైన అవసరం

1981లో ప్రపంచ ఆరోగ్య మహాసభ తల్లిపాల ప్రత్యామ్నాయాల విక్రయంపై నియమావళిని 118 ఓట్లతో ఆమోదించినది. వ్యతిరేకించినది అమెరికా ఒక్కటే. మన పార్లమెంటు 1992లో చట్టం చేసి, 2003లో దానిని బిగించినది. పాలపొడికి, సీసాలకు ప్రకటనలు నిషిద్ధం. ఉచిత నమూనాలు, వైద్య సిబ్బందికి కానుకలు నిషిద్ధం. ఆసుపత్రి వాకిట్లో ఎవరైనా డబ్బా చేతిలో పెడితే అది దాతృత్వం కాదు, నేరం.

అయితే ఒక మాట. వ్యాధి వలననో, మందుల వలననో, ఇతర కారణాల వలననో పాలివ్వలేని తల్లులు ఉన్నారు. వారిని నిందించే హక్కు ఎవరికీ లేదు. వైద్యుని సలహాపై పాలపొడి వాడవలసి వచ్చినపుడు డబ్బాపై చెప్పిన కొలతను తగ్గించక, పెంచక, బాగుగా మరిగించిన నీటితో, ఉడికించిన గిన్నెలో అప్పటికప్పుడు కలిపి, గోరువెచ్చగా చల్లార్చి పట్టి, మిగిలినది పారబోయవలెను.

మిత్రులారా! మన శాఖలు వెంటనే చేపట్టగల పనులు నాలుగు. తండ్రి కాబోయే ప్రతి సభ్యుని దరఖాస్తును ముందుగా వ్రాయించి పంపుట. స్త్రీలు పనిచేసే ప్రతి కార్యాలయంలో గడియ ఉన్న ఒక గది, కుర్చీ, కొళాయి, వీలైన చోట ఫ్రిజ్ కోరుతూ వినతిపత్రం ఇచ్చుట. పాలిచ్చే తల్లికి మొదటి ఏడాది రాత్రి డ్యూటీ వేయవద్దని కోరుట. కాంట్రాక్టు సోదరీమణుల వివరాలు సేకరించి, వారికి రావలసినది రాబట్టుట.

పాలు తల్లి ఇస్తుంది. కాలాన్ని, చోటును, ధైర్యాన్ని ఇవ్వవలసినది మనం. ఈ సభ నుంచి వెళ్ళేముందు, కాన్పు తేదీ దగ్గరపడిన సోదరులు తమ పేర్లు కార్యదర్శిగారి వద్ద నమోదు చేయించవలసినదిగా కోరుతూ ముగిస్తున్నాను.