వీలుకప్ తప్పు చెప్పినా ఎర్రర్ రాదు!

ఇవాళ ఎక్సెల్‌లో లుకప్ సంగతి చూద్దాం.

స్క్రీన్ మీద ఉన్నది ఒక హోల్‌సేల్ కిరాణా షాపు ఫైల్ అనుకోండి. ‘రేట్లు’ షీట్‌లో ఏ కాలమ్‌లో ఐటం కోడ్, బీలో పేరు, సీలో రేటు. ‘బిల్లు’ షీట్‌లో మనం కోడ్ కొడితే చాలు, రేటు దానంతటదే వచ్చి పడాలి.

బీ2లో రాస్తున్నా. ఈక్వల్ టు, వీలుకప్, బ్రాకెట్ ఓపెన్. ఏం వెతకాలి? ఏ2. కామా. ఎక్కడ వెతకాలి? రేట్లు షీట్‌లో ఏ2 నుంచి సీ200 దాకా. ఇక్కడే ఎఫ్4 నొక్కేయండి, డాలర్ గుర్తులు పడతాయి. అవి లేకపోతే ఫార్ములాని కిందికి లాగినకొద్దీ రేంజ్ కూడా కిందికి జారిపోతుంది, పైనున్న ఐటమ్స్ తప్పిపోతాయి. కామా. ఎన్నో కాలమ్‌లోది తేవాలి? 3. బ్రాకెట్ క్లోజ్, ఎంటర్.

రేటు వచ్చేసింది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఇప్పుడు తమాషా చూడండి. మన లిస్టులో 101, 102, 103, 105 ఉన్నాయి, 104 లేదు. బిల్లులో 104 కొడుతున్నా... 160 వచ్చింది! అది 103 రేటండీ, కందిపప్పుది. లేని సరుక్కి పక్కదాని రేటు వేసేసి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

ఇదంతా నాలుగో ఖాళీ వల్ల. అక్కడ మనం ఏమీ రాయకపోతే ఎక్సెల్ దాన్ని ‘ట్రూ’ అనుకుంటుంది. అంటే, అడిగింది దొరక్కపోతే దానికంటే తక్కువ ఉన్నవాటిలో దగ్గరిది ఇచ్చేయమని. పైగా కోడ్లు చిన్న నుంచి పెద్దకి వరసలో ఉన్నాయని నమ్మి వెతుకుతుంది. వరస తప్పిందా, ఏ రేటు తెస్తుందో చెప్పలేం. అందుకే 3 తర్వాత కామా పెట్టి ‘ఫాల్స్’ రాయండి, లేదా సున్నా. ఇప్పుడు 104కి హ్యాష్ ఎన్‌ఏ వచ్చింది. ఇదీ నిజం చెప్పడమంటే.

ట్రూ పనికిరాదని కాదు. 10 బస్తాలు దాటితే 2 శాతం, 50 దాటితే 5 శాతం డిస్కౌంట్ లాంటి శ్లాబులకి అదే కావాలి. 37 బస్తాలకి 10 దగ్గరి వరస పట్టుకుంటుంది.

ఎన్‌ఏ కనపడగానే ఇఫ్‌ఎర్రర్ పెట్టి ఖాళీగా చూపించేవాళ్లున్నారు. నాకది అస్సలు నచ్చదు. ఫార్ములాలో స్పెల్లింగ్ తప్పు ఉన్నా అది కప్పేస్తుంది. కావాలంటే ఇఫ్‌ఎన్‌ఏ వాడండి, ‘లిస్టులో లేదు’ అని రాయించండి.

కోడ్ కళ్లెదుటే ఉంది, అయినా ఎన్‌ఏ వస్తోందా? సెల్ మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం ఉందేమో చూడండి. ఉంటే ఆ 105 మనకి నంబరే, ఎక్సెల్‌కి మాత్రం టెక్స్ట్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చిన డేటాలో ఇది మామూలే. కాలమ్ సెలెక్ట్ చేసి డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్, నేరుగా ఫినిష్. పేర్లతో వెతుకుతుంటే చివర్లో స్పేస్ ఉండొచ్చు, దానికి ట్రిమ్. వెబ్‌పేజీ నుంచి కాపీ చేసిన స్పేస్ ఒక్కోసారి ట్రిమ్‌కి కూడా లొంగదు. దాన్ని కాపీ చేసుకుని, ఫైండ్ అండ్ రీప్లేస్‌లో పేస్ట్ చేసి తీసేయండి.

వీలుకప్ 1985లో మాకింటోష్ కోసం వచ్చిన మొదటి ఎక్సెల్ నుంచీ ఉంది. వయసుతో పాటు చాదస్తమూ ఉంది. ఎడమవైపు చూడదు. మధ్యలో ఎవరైనా ఒక కాలమ్ చేరిస్తే, మనం రాసిన 3 అలాగే ఉండిపోతుంది, రేటు బదులు ఇంకేదో వస్తుంది.

ఈ బాధలకి 2019లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన జవాబు ఎక్స్‌లుకప్. ఏ2, కామా, కోడ్ల కాలమ్, కామా, రేట్ల కాలమ్, కామా, కోట్స్‌లో ‘లిస్టులో లేదు’. అంతే. కాలమ్ లెక్కపెట్టే పని లేదు, ఫాల్స్ రాయక్కర్లేదు, అడిగిందే వెతుకుతుంది. గూగుల్ షీట్స్‌లోనూ ఉంది. అయితే ఎక్సెల్ 2016, 2019ల్లో లేదు. మీ ఆడిటర్ గారి ఆఫీసులో పాత వెర్షన్ ఉంటే, ఆయనకి పంపే ఫైల్లో మాత్రం వీలుకప్పే ఉంచండి, ఆ చివరి సున్నాతో సహా.