బొమ్మరైలు నిర్మాణము



ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలో తెలుగు పండితుడుగా పనిచేసి విరమించినవాడు బొమ్మరైలునుగూర్చి ప్రసంగింప వచ్చినాడనగా మీలో కొందఱికి నవ్వు రావచ్చును. మా యింటిలోను మొదట నవ్విరి. వ్యాకరణసూత్రములు వల్లించిన నోటితో ఇపుడు రైలుకూత కూయుచున్నావా యని నా సహాధ్యాయి యొకడు పరిహసించెను. నేను కోపగించుకొనలేదు. అయిదు సంవత్సరములుగా ఆ బొమ్మరైలుతో పడిన పాట్లు నాకొక సంగతి నేర్పినవి. దానిని మీకు విన్నవించుటకే నేడు వచ్చితిని.

బొమ్మలకొలువు మనకు క్రొత్త గాదు. కొలువులో ఏనుగు ప్రక్క పెండ్లికూతురు నిలుచును. ఆ పెండ్లికూతురు ఏనుగుకంటె పెద్దదియైనను ఎవరును తప్పుపట్టరు. బొమ్మరైలు అట్టిది కాదు. ఇందు సమస్తమునకు ఒకే ప్రమాణము. బండి యెన్నవ వంతునకు తగ్గినదో, దాని తలుపు, తలుపు గొళ్ళెము, ఆ ప్రక్క నిలిచిన మనిషి, మనిషి చేతిలోని లాంతరు అన్నియు అన్నవ వంతునకే తగ్గవలెను. ఆటవస్తువు శిల్పమగుట ఈ నియమముచేతనే. మన భాషలో ప్రమాణమను పదమునకు కొలత యనియు, సాక్ష్యమనియు, ఒట్టు అనియు అర్థములు గలవు. ఈ మూడర్థములును ఈ విద్యలో ఒక్కచోట చేరుట నేను చూచితిని.

ఈ విద్య పుట్టినది ఐరోపాలో. జర్మనీ దేశమున మేర్క్‌లిన్ అను బొమ్మల కర్మాగారమువారు 1891లో లైప్‌జిగ్ సంతలో తమ రైళ్ళను ప్రదర్శించి, పట్టాల వెడల్పులకు అంకెలతో గుర్తులు ఏర్పఱచిరి. అందుచే ఒకనాడు కొన్న బండికి మఱునాడు కొన్న పట్టాలు అమరుట సాధ్యమయ్యెను. ఇంగ్లండులో లివర్‌పూల్ నగరవాసియగు ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో కీ యిచ్చిన నడచు రైళ్ళను అమ్మజొచ్చెను. 1938లో ఆ సంస్థయే డబ్లో అను ఇంకను చిన్న రైళ్ళను వెలువరించెను.

ఇచ్చట నొక చిక్కు పుట్టినది. ఐరోపాలో అసలు బండిలో 87వ వంతు ప్రమాణము వాడుకలోనికి వచ్చెను. కాని ఆంగ్లేయుల యింజనులు ఐరోపా యింజనులకంటె కురుచవి. వానిని 87వ వంతునకు తగ్గించినచో ఆనాటి మోటారు వాని కడుపులో పట్టదు. కావున వారు ఇంజను శరీరమును 76వ వంతుగా చేసి, పట్టాల వెడల్పును మాత్రము 16.5 మిల్లీమీటర్లుగానే యుంచిరి. లెక్కప్రకారము ఆ వెడల్పు 18.83 మిల్లీమీటర్లు కావలెను. అనగా రెండు మిల్లీమీటర్లకు మించిన అబద్ధము. నేటికిని ఆంగ్లదేశమున అంగళ్ళలో దొరకు రైళ్ళలో పెక్కు ఈ అబద్ధముమీదనే నడచుచున్నవి. దానిని సహింపలేని కొందఱు చక్రములు మార్చి, పట్టాలను 18.83 మిల్లీమీటర్ల యెడముతో స్వహస్తములతో పఱచుకొందురు. రెండు మిల్లీమీటర్లకై ఇంత శ్రమయా యని మీరు అడుగవచ్చును. యతి తప్పిన పద్యమును సరిదిద్దుటకు రాత్రియంతయు మేల్కొన్న కవులు మనలో లేరా?

ఈ విద్య కేవల వినోదము కాదని చెప్పుటకు ఒక్క యుదాహరణము చాలును. రాయ్ ఇంగ్లండ్ అనునతడు 1925లో ఆస్ట్రేలియానుండి ఇంగ్లండునకు వచ్చెను. అచ్చటి పల్లెలలో గడ్డికప్పుల యిండ్లు ఒక్కొక్కటే రూపుమాఱుట చూచి అతడు మిగుల నొచ్చుకొనెను. అవి పూర్తిగా మాఱకమునుపే కొలతలు తీసి, ఇండ్లు, కూరగాయల మళ్ళు, రైలుమార్గము సమస్తమును 76వ వంతున అట్లే నిలుపవలెనని పూనుకొనెను. ఆ పని 1954లో లాంగ్ విటెన్‌హమ్ అను గ్రామమున పెండన్ ప్రదర్శనశాలగా రూపొందినది. జాన్ అహెర్న్ అను మఱియొక నిపుణుడు కల్పించిన మాడర్ వ్యాలీ అను ప్రసిద్ధమైన బొమ్మరైలును అచ్చటనే భద్రపఱచిరి. ఇంగ్లండుగారు గతించిన పిమ్మటను ఆ పల్లె నిర్మాణమును ఇతరులు సాగించిరి. మన దేశమున పూణే నగరములో జోషీగారి బొమ్మరైళ్ళ ప్రదర్శనశాల 1998లో వెలసినది.

ఇక నా సంగతి. మా యూరు నల్లమల కొండల దాపున నున్నది. గుంటూరునుండి నంద్యాలమీదుగా గుంతకల్లు పోవు మార్గము ఒకనాడు మీటరుగేజి. 1990వ దశకమున దానిని బ్రాడ్‌గేజిగా మార్చిరి. మార్పు మేలే. కాని నా బాల్యమున చూచిన స్టేషను, నీళ్ళ తొట్టి, చేయి వాల్చు సిగ్నలు అన్నియు పోయినవి. వానిని మరల నిలుపవలెనని నాకు పుట్టెను.

87వ వంతున మీటరు పదకొండున్నర మిల్లీమీటర్లగును. నాకు దొరకిన పట్టాలు 12 మిల్లీమీటర్లవి. అవి మనకొఱకు చేసినవి కావు. స్విట్జర్లాండు దేశమున ఆల్ప్స్ కొండలలో నడచు రేటియన్ రైల్వే మీటరుగేజియే. దాని బొమ్మలకొఱకు చేసినవి. విదేశమున నున్న నా పూర్వశిష్యుడు వానిని పంపెను. ఆల్ప్స్ పట్టాలపై నల్లమల బండి! అర మిల్లీమీటరు అబద్ధమును నేనును ఆడితిని.

ఈ ప్రమాణమున సామాన్యుడైన మనిషి యెత్తు సుమారు 19 మిల్లీమీటర్లు. మన పూర్వుల కొలతలో అది ఇంచుమించు ఒక్క అంగుళము, అనగా వ్రేలి వెడల్పు. మనిషి అంగుళమంత వాడైనపుడు వాని లోకమున తక్కినవన్నియు ఎంతెంత యుండవలెనో తానే తెలియవచ్చును.

స్థలము చాలుట కష్టము. మూడువందల మీటర్ల స్టేషను ఆవరణము 87వ వంతున మూడున్నర మీటర్లగును. మా వసారాలో దొరకిన చోటు రెండున్నర మీటర్లే. ఇందుకు పెద్దలు చెప్పిన ఉపాయ మొకటి కలదు. వస్తువును కుదింపరాదు, వస్తువుల నడిమి ఖాళీని కుదింపవచ్చును. కావున వేపచెట్టును సిగ్నలునకు దగ్గఱగా జరిపితిని గాని, చెట్టునుగాని సిగ్నలునుగాని పొట్టి చేయలేదు.

స్టేషను గోడలకు కొండపల్లి బొమ్మలవారు వాడు తెల్లపొణికి కఱ్ఱ తెచ్చితిని. అది మెత్తనిది, తేలికయైనది. కత్తికి చక్కగా లొంగును. సందులు పూడ్చుటకు వారు వాడునట్లే చింతగింజల జిగురు, రంపపుపొట్టు కలిపిన మక్కు వాడితిని. అసలు పట్టాలక్రింది కంకర రెండంగుళముల రాయి యనుకొన్నచో, మన ప్రమాణమున అది అర మిల్లీమీటరు పైచిలుకు. రాతిపొడిని సన్నజల్లెడ పట్టి, పట్టాల నడుమ చల్లి, నీళ్ళు కలిపిన ఫెవికాల్ బొట్లుబొట్లుగా విడిచితిని. అందొక చుక్క సబ్బునీరు కలిపిననే జిగురు రాళ్ళలోనికి ఇంకును; లేకున్న పైననే ముత్యమువలె నిలుచును. రాగితీగలు మెలిపెట్టి కొమ్మలు చేసి, రంగువేసిన రంపపుపొట్టు అద్దగా వేపచెట్టయ్యెను.

బండి నడుచుట విద్యుత్తుతో. 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఒక పట్టాలో వచ్చి, చక్రముద్వారా మోటారు చేరి, రెండవ పట్టాలో మరలిపోవును. తీగలను తాఱుమాఱు చేసినచో బండి వెనుకకు నడచును. పట్టాపై ధూళి యున్నచో బండి నిలిచిపోవును. అందుచే ప్రతిదినము పూజకుముందు పట్టాలు తుడుచుట నాకు నిత్యకృత్యమైనది.

ఇంజనుగా వై.జి. తరగతి దానిని ఎన్నుకొంటిని. మన దేశమున మీటరుగేజి సామానుబండ్లను లాగిన పేరుపొందిన ఇంజనది. దాని పెద్దచక్రములు నాలుగడుగులవి. 87వ వంతున సరిగా 14 మిల్లీమీటర్లు. ఇత్తడి రేకుతో బాయిలరు చుట్టి, మోటారును వెనుకనున్న బొగ్గుపెట్టెలో దాచి, పైన నిజమైన బొగ్గును నలుగగొట్టి పఱచితిని. మొదట అది క్రొత్త పెండ్లికొడుకువలె తళతళలాడెను. పనిచేసిన యింజను అట్లుండదు. కావున మెట్లవద్ద త్రుప్పు, నీళ్ళు పోయు నోటిచెంత తెల్లని చారలు, పొయ్యిచెంత మసి పూసితిని. లోపల ఒక డ్రైవరును, ఒక ఫైర్‌మన్‌ను నిలిపితిని. పొగగొట్టముపై నల్లని రంగు అద్దిన దూదిని అందముగా అమర్చితిని. ఇక లోపమేమియు లేదని తలచి, మా అన్నగారిని పిలిచితిని.

అన్నగారినిగూర్చి చెప్పవలెను. మా తండ్రిగారు చిన్నతనముననే గతించిరి. అన్నగారు చదువు మాని 1971లో లోకోషెడ్డులో క్లీనరుగా చేరి, పిమ్మట ఫైర్‌మన్ అయిరి. ఆయన నెలనెల పంపిన మనీయార్డరుతోనే నేను ప్రాచ్యకళాశాలలో పండితవిద్య ముగించితిని. ఆ దినములలో నేను ఆయన రైలుబండిపై ఒక సీసపద్యము వ్రాసి, ఇంజను వెడలగ్రక్కు కాటుకపొగను కార్మేఘముతో పోల్చి, సెలవులకు వచ్చినపుడు ఆయనకే వినిపించితిని. ఆయన "బాగుంది" అని మాత్రమనిరి.

అన్నగారు కండ్లద్దములు పెట్టుకొని, వంగి, చాలసేపు చూచిరి. ఆ మాటలను ఉన్నవియున్నట్లే చెప్పెదను.

"డ్రైవరుండాడు, ఫైర్‌మేనుండాడు. ఇంకొకడు యాడరా?"

"ఇంకొకడెవరన్నా?"

"రెండో ఫైర్‌మేను. వెనక బొగ్గు పగలగొట్టి ముందుకు లాగేవాడు లేకపోతే ముందువాడు దేన్ని వేస్తాడు? మొదట్లో నాలుగేండ్లు నేను చేసింది ఆ పనేరా."

నాకు నోట మాట రాలేదు. ఆయన నిలిచియున్న ఫైర్‌మన్‌ను వ్రేలితో చూపిరి.

"వీడేమన్నా పెండ్లికి వచ్చినాడా, నిలబడుకొని కొండలు చూస్తాండాడు? ఘాటెక్కేటప్పుడు నడుము ఎత్తేదానికి తీరిక యాడిది?"

పిమ్మట పొగగొట్టముపైనున్న నల్లదూదిని గోటితో తీసి ప్రక్కన పెట్టి, నెమ్మదిగా చెప్పిరి. బొగ్గును కుప్పగా పోయరాదట. పలుచగా, మూలమూలలకు, కొంచెముకొంచెముగా వేయవలెనట. పొగను చూచి నిప్పు నెఱుగవలెనట. నల్లని పొగ దండిగా వచ్చినదనగా బొగ్గు కాలకయే పోవుచున్నదని అర్థము. అది ఫైర్‌మన్ చేతి తప్పట. పైవారు చూచినచో మందలింతురట.

నా సీసపద్యము నాకు జ్ఞప్తికి వచ్చెను. ఆయన యే తప్పు జరుగకుండుటకై రాత్రింబవళ్ళు చెమటోడ్చిరో ఆ తప్పునే నేను ఉపమాలంకారముతో పొగడితిని. నలువది సంవత్సరములకు పైగా ఆయన దానిని నాకు చెప్పలేదు; నేను అడుగనులేదు. "అప్పుడే యేల చెప్పకపోతివన్నా?" అని యడిగితిని. "నీ పద్యం బాగనే ఉండింది గదా!" అని నవ్విరి.

ఆ సాయంకాలము ఆయన చొక్కా మడిచి మోచేతిపై మచ్చ చూపిరి. స్టేషనులో ఆగని బండి పోవునపుడు క్రింద నిలిచినవాడు టోకెను కట్టిన వలయమును ఎత్తి పట్టుకొనును. ఇంజనులోనివాడు వేగముతోనే చేయి చాచి దానిని అందుకొనవలెను. ఆ దెబ్బలు నిలిచిన చోటది. చిన్ననాటినుండి చూచిన మచ్చయే. ఎట్లు కలిగినదో ఆనాడే తెలిసికొంటిని.

నేను ఇంజనును మరల విప్పితిని. ఫైర్‌మన్ నడుము వంచితిని. బొగ్గుపెట్టెలో అంగుళమంత యెత్తు గల రెండవవానిని సుత్తితో కూర్చుండబెట్టితిని. ప్రక్కగోడలు అడ్డముండుటచే వాడు చూపఱకు కనబడడు. పైనుండి వంగి చూచినవారికే కనబడును. అన్నగారు వచ్చినపుడెల్ల ముందుగా అచ్చటికే వంగి చూతురు. ఒకనాడు వేపచెట్టును చూపి, "ఈ స్టేషన్లో ఈ చెట్టు ఉండిందా?" అని యడిగిరి. ఉండెనని చెప్పితిని. "పొయ్యి చూసిన కంటికి బయటంతా చీకటేరా. ఎన్నిసార్లు పోయినానో, స్టేషను ఇప్పుడు చూస్తాండా" అనిరి.

పెద్దలారా! కొలతకు సరిపడిన మాత్రమున ప్రమాణము పూర్తికాదని నేనిట్లు తెలిసికొంటిని. కొలబద్దతో నేను అర మిల్లీమీటరు తప్పును పట్టగలిగితిని. మొత్తము మనిషి యొకడు లేకపోవుట పట్టలేకపోతిని. దానికి ఆ పని చేసినవాని సాక్ష్యము కావలసి వచ్చెను.

రైలే చేయుడని నేను చెప్పను. మీ యూర మూలబడిన గానుగ యుండవచ్చును, మోటబావి యుండవచ్చును, మగ్గపుగుంట యుండవచ్చును. మీ మనుమని చేతికి కొలబద్ద యిచ్చి ఒక్కదానిని కొలిపింపుడు. పదవ వంతునగాని ఇరువదవ వంతునగాని కఱ్ఱతోనో అట్టతోనో చేయింపుడు. అది ముగిసిన వెంటనే, ఆ గానుగ నాడించినవాడు, ఆ మోట తోలినవాడు ఇంకను మీ యూర నున్నచో వానిని ఇంటికి పిలిచి చూపి, ఇందు లేనిదేమి యని యడుగుడు. వాడు చెప్పునది వినుడు. ఆలస్యము చేయకుడు. కఱ్ఱ రేపైనను దొరకును.

మా అన్నగారికి డెబ్బదిమూడేండ్లు. ఈ ప్రసంగమును ఆయన ఇంటివద్ద వినుచుందురు. సీసపద్యమును సవరించి వ్రాసితినన్నా, వచ్చి వినిపించెదను.

సెలవు.