పద్దులలోని పరదేశి పదములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను పండితుడను గాను. మా తండ్రిగారు 1984లో కరణీకములు రద్దగువరకు ఈ గ్రామమునకు కరణము. నేను సహకార సంఘమున పద్దులు వ్రాయువాడను. అమరమును, వసుచరిత్రమును నాకు మా తండ్రిగారి పెట్టెలో దొరికినవి. ఇంగ్లీషు మాత్రము ఈ గ్రంథాలయపు బీరువాలోని అట్ట చినిగిన నిఘంటువు పెట్టిన భిక్ష. కావున మన పద్దులలో వచ్చి కూర్చున్న కొన్ని ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరములను నాకు తెలిసినంతలో విన్నవించెదను.

ముందుగా ఒక తప్పు ఒప్పుకొనవలసియున్నది. సుమారు 20 ఏండ్ల క్రిందట మన ఊరి రైతొకడు అప్పు కాగితమును చేతబట్టుకొని మా అరుగు కడకు వచ్చెను. "సామీ, ఇందులో మార్ట్‌గేజి అని ఉండాదంట. అంటే ఏంది సామీ?" అని అడిగెను. నేను పద్దునుండి తలయెత్తకయే, "అది అప్పిచ్చేవాళ్లు రాసుకునే మాటలే. ముద్ర వెయ్యి" అంటిని. అతడు వేసెను. తరువాత వరుసగా వానలు లేకపోయెను. నాలుగెకరముల మామిడితోట పరుల పాలయ్యెను. అప్పిచ్చినవారు కాగితమున ఉన్నదే చేసిరి. ఉన్నదేమో చెప్పవలసిన నేను చెప్పనైతిని. నిజము చెప్పవలెనన్న, ఆ మాట నాకును సరిగా తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడితిని.

తోట పోయిన నాటి సాయంకాలము ఇచ్చటికి వచ్చి ఆ మాటను వెదకితిని. అది పాత ఫ్రెంచిభాషనుండి వచ్చినది. అందు 'మోర్ట్' అనగా చచ్చిన, 'గేజ్' అనగా తాకట్టు. రెండును కలిసి 'చచ్చిన తాకట్టు' అయినది. 17వ శతాబ్దమునాటి ఆంగ్ల న్యాయవేత్త ఎడ్వర్డ్ కోక్ దీనికి చెప్పిన వివరణ ఇది: బాకీ తీరనిచో ఆ భూమి అప్పు తీసికొన్నవానికి చచ్చినట్లే, తీరినచో ఆ తాకట్టు అప్పిచ్చినవానికి చచ్చినట్లే. మనము వాడు 'తనఖా'యు పరదేశియే. అది పారసీకమునుండి వచ్చినది. అదే మాట హిందీలో జీతమగును. అచ్చట నెల తిరుగగనే చేతికి వచ్చునది, ఇచ్చట చేయి జారునది! అయితే 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము, 60వ సెక్షనున, బాకీ చెల్లించి తనఖా విడిపించుకొను హక్కును అప్పు తీసికొన్నవానికి ఇచ్చుచున్నది. ఆనాడు నేను ఈ రెండు సంగతులు చెప్పియున్నచో, ఆ రైతు ముద్ర వేయుటకు ముందు ఒక్క రాత్రియైనను ఆలోచించియుండెడివాడు.

నాటినుండి ప్రతి మాటను విప్పి చూచుట నాకు అలవాటైనది.

లెక్కించుటను ఇంగ్లీషున 'కాల్క్యులేట్' అందురు. లాటినున 'కాల్క్యులస్' అనగా గులకరాయి. వామనగుంటల పీటయందు చింతగింజలు పంచుచు లెక్క నేర్చిన మన ఆడబిడ్డలకు ఈ మాట వింతగా తోపదు. 'బ్యాంకు' అనగా ఇటలీదేశమున డబ్బు మార్చువారు ముందు పెట్టుకొన్న బల్ల. దివాలా తీయుటకు 'బ్యాంక్రప్ట్' అనుమాట 'విరిగిన బల్ల' అను అర్థముగల ఇటలీమాటనుండి వచ్చినది.

అన్నిటికంటె నన్ను అబ్బురపరచినది 'కేలండరు'. రోమునగరమున నెలలో మొదటి దినమును 'కలెండే' అనెడివారు. వడ్డీ చెల్లించు గడువు అదే. వడ్డీవ్యాపారి పద్దుపుస్తకమునకు 'కలెండారియం' అని పేరు. అందుండి కేలండరు పుట్టినది. మన యిండ్లలో గోడకు వ్రేలాడు కేలండరుపై ఎవరి బొమ్మ యున్నది? కుబేరునికి వడ్డీ కట్టుచున్నాడని మనము చెప్పుకొను వడ్డికాసులవానిది! రోమువారును తిరుపతివారును కూడబలుక్కొనలేదు. అయినను మాట తన యింటికి తాను చేరినట్లున్నది. ఆ 'వడ్డి'యో, సంస్కృతమున 'వృద్ధి'.

ఇక 'కాసు' సంగతి. 1818 వరకు మద్రాసులో కుంపిణీవారి లెక్కలు వరహాలు, పణములు, కాసులలో సాగెను. 80 కాసులు ఒక పణము, 42 పణములు ఒక వరహా. ఆ కాసునే ఇంగ్లీషువారు 'క్యాష్' అని వ్రాసిరి. ఇది చూచి, నేడు అంగడిలో అడుగు క్యాషు మన కాసే అని నేను కొన్నాళ్లు మురిసితిని. తరువాత తెలిసినది: రొక్కమను అర్థముగల క్యాషు వేఱు, అది డబ్బుపెట్టెను చెప్పు ఫ్రెంచి, ఇటలీమాటలనుండి వచ్చినది. రసీదు లేని ఖర్చును పద్దున వ్రాయరాదు; సాక్ష్యము లేని చుట్టరికమును మాటలకు కలుపరాదు.

సాక్ష్యమున్న మాటలును కలవు. చెరకు ఆడి బెల్లము వండు మన సీమవారికి ఇది ప్రీతి గొలుపును: 'షుగరు', బెల్లమునకు వాడు 'జాగరీ' రెండును సంస్కృత 'శర్కర' బిడ్డలే. ఒకటి అరబ్బుల దారిన, ఒకటి పోర్చుగీసుల దారిన పోయినది. 'మాంగో' దక్షిణదేశపు 'మాంగా'. మన చేలు త్రవ్వు పందికొక్కు 'బాండికూట్' అయి, ఆస్ట్రేలియాలోని వేఱొక జంతువునకును పేరైనది. 1886లో యూల్, బర్నెల్ దొరలు వెలువరించిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువునిండ ఇట్టి మాటలే. మన వైపున బ్రౌను దొర, తెలుగులో కలిసిన అన్యదేశ్యములకు 1854లోనే ప్రత్యేక నిఘంటువు కూర్చెను. కచేరీ మాట తెలియక రైతు మోసపోరాదని ఎఱిగినవాడు చేయు పని అది. మాటల పద్దులో మనకు అప్పులేకాదు, జమయు కలదు.

ఆ రైతు నేడు లేడు. అతని మనుమరాలు సాయంకాలములు ఈ గ్రంథాలయమున చదువుకొనుచున్నది. మొన్న ఒక దరఖాస్తు తెచ్చి, "సార్, ఇందులో గ్యారంటర్ అని ఉండాది. అంటే ఏంది సార్?" అని అడిగెను. ఈసారి తలయెత్తితిని. "నాకూ సరిగా తెలీదమ్మా, రా, చూద్దాం" అని ఇద్దరమును నిఘంటువు తీసితిమి. గ్యారంటీయు వారంటును ఒక తల్లి బిడ్డలని అందు ఉన్నది. ఒకరి అప్పుకు పూచీ నిలిచి, వారంటు వచ్చి తల పట్టుకొన్నవారు ఈ సభలోను ఉన్నారు. వారికి వేఱుగ చెప్పనక్కరలేదు.

రజతోత్సవ కానుకగా ఒక నోటుపుస్తకమును ఈ గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. అది బల్లపైననే యుండును. ఏ కాగితమున అర్థముగాని మాట కనబడినను, సంతకమునకు ముందు వచ్చి అందు వ్రాయుడు. వ్రాయ రానివారు వ్రాయించుడు. తెలిసినవారు ప్రక్కన అర్థము వ్రాసెదము; తెలియనిచో వెదకి వ్రాసెదము. మొదటి పుటలో మొదటి మాట నేనే వ్రాసితిని: మార్ట్‌గేజి.