మేకలు దిగిన దీవి



19వ శతాబ్దమున మన ఆంధ్ర కూలీలు అనేకులు ఓడలెక్కి మారిషసు చెరకు తోటలకు వెళ్ళిరి. వారి సంతతివారు నేటికిని అచ్చట నివసించుచున్నారు. ఆ దేశమునకు ఉత్తరముగా సుమారు 22 కిలోమీటర్ల దూరమున రౌండ్ ఐలాండ్ అను చిన్న దీవి కలదు. విస్తీర్ణము సుమారు రెండు చదరపు కిలోమీటర్లు. అందు ఊరు లేదు, సేద్యము లేదు. అయినను ఆ దీవి చరిత్రము మన గ్రామములకు పనికివచ్చునది.

అది అగ్నిపర్వతము వలన ఏర్పడిన దీవి. చాలవరకు ఏటవాలు నేల. ఆ వాలుపై మట్టిని పట్టి నిలిపినవి తాటిజాతి చెట్ల వేళ్ళు, గడ్డి వేళ్ళు. 19వ శతాబ్దమున మనుష్యులు అచ్చట మేకలను, కుందేళ్ళను విడిచిరి. వానిని తినెడి మృగము లేదు, అదలించెడి కాపరి లేడు. మొలచిన ప్రతి మొక్కయు వాని నోటబడెను. ముసలి చెట్లు కూలినపుడు వాని స్థానమున పెరుగుటకు పిల్ల చెట్లు లేకపోయెను. వర్షములకు మట్టి సముద్రము పాలై, రాయి బయటపడెను. మట్టిలో దూరి బ్రతికెడి ఒక జాతి పాము 1975 తరువాత ఎవరికిని కనబడలేదు.

అదృష్టవశమున ఎలుకలు ఆ దీవిని చేరలేదు. అందుచే మరియొక జాతి పాము, కొన్ని జాతుల బల్లులు మిగిలినవి. వానిని కాపాడుటకై 1979 నాటికి మేకలను, 1986లో కుందేళ్ళను పూర్తిగా తొలగించిరి. తాటి మొక్కలు మరల తలయెత్తినవి. వానితోపాటు పరదేశపు కలుపును పెరిగినది. మారిషసు పెద్ద తాబేళ్ళు పూర్వమే అంతరించినందున, 2007లో ఇతర దీవుల జాతుల తాబేళ్ళను తెచ్చి విడిచిరి. అవి కలుపును మేయును; తిన్న పండ్ల విత్తనములను పేడతో వెదజల్లును.

సోదరులారా! దోషము మేకది కాదు. మేక పేదవాని పాడి. మేపునకు హద్దు లేకపోవుటయే దోషము. మన కొండవాలును, బీడును భాగములుగా విభజించి, ఒక భాగమును మేపునపుడు మరియొక భాగమునకు విశ్రాంతి నీయవలెను. లేత మొక్క నిలదొక్కుకొనువరకు మందను అటు తోలరాదు. ఆ దీవి మట్టి సముద్రములో కలిసినది. మన కొండ మట్టి అంత దూరము పోనక్కరలేదు. క్రిందనున్న మన చెరువునే పూడ్చును. చెట్టును ఇరువది ఏండ్లలో పెంచగలము. పోయిన మట్టిని మన జీవితకాలమున తిరిగి తేలేము.