ఇత్తడి బిళ్ళ మీద అమ్మ



రూపాయి బిళ్ళ మన చేతిలోంచి రోజూ పోతూనే ఉంటుంది. దాని మీద ఏ బొమ్మ ఉందో, ఏం రాశారో ఎప్పుడైనా చూశారా? ఈ రోజు రెండు వేల ఏళ్ళ కిందటి బిళ్ళల సంగతి చెప్పుకుందాం. అవి ఇటలీ దేశంలోని రోము నగరంలో వేసినవి. అప్పట్లో ఎన్నో దేశాలు రోము చక్రవర్తుల ఏలుబడిలో ఉండేవి.

సంతలో రొట్టె కొనాలంటే కంచు, ఇత్తడి, రాగి డబ్బులే. వాటి మీద చక్రవర్తి తల ఉండేది. కొన్నింటి మీద మాత్రం ఆ ఇంటి ఆడవాళ్ళ తల ఉండేది. చదువు వచ్చినవాళ్ళు తక్కువ. చదువు రాకపోయినా బొమ్మను చూడగలరు.

అగ్రిప్పినా కథ వినండి. ఈమె అగస్టస్ చక్రవర్తికి మనవరాలు, కూతురి కూతురు. భర్త పెద్ద సేనాధిపతి. ఆయన చనిపోయాడు. తరువాత టైబీరియస్ చక్రవర్తికి ఈమె మీద అనుమానం పుట్టింది. క్రీ.శ. 29లో ఆమెను ఒక చిన్న దీవికి పంపేశాడు. 33లో ఆమె అక్కడే తిండి లేక చనిపోయింది. ఇద్దరు కొడుకులు కూడా బందీలుగానే పోయారు.

37లో ఇంకో కొడుకు కాలిగులా చక్రవర్తి అయ్యాడు. ఓడెక్కి ఆ దీవికి పోయాడు. అమ్మ అస్థికలు రోముకు తెచ్చాడు. ఆమె పేర ఇత్తడి బిళ్ళ వేయించాడు. రెండు తులాల పైమాటే దాని తూకం! ఒక పక్క ఆమె ముఖం. రెండో పక్క రెండు కంచరగాడిదలు కట్టిన గూడుబండి. "అగ్రిప్పినా జ్ఞాపకార్థం" అని రాత. ఆమె ఎలా చనిపోయిందో మాత్రం దాని మీద లేదు.

ఇంకో బిళ్ళ మీద తన ముగ్గురు చెల్లెళ్ళ బొమ్మలు వేయించాడు. పక్కన పేర్లు కూడా రాయించాడు. ఆ పని నాకు నచ్చింది. కానీ 38లో ఒక చెల్లెలు చనిపోయింది. 39లో మిగతా ఇద్దరినీ కుట్ర చేశారని దీవులకు పంపేశాడు. పంపింది ఆ అన్నే!

తరువాత ఫౌస్టీనా రాణి. 161లో ఆమెకు కవల కొడుకులు పుట్టారు. బిళ్ళ మీద ఇద్దరు పసివాళ్ళ బొమ్మ, మంచి రోజులు వచ్చాయని రాత. ఆమె కన్నది పన్నెండు మందికి పైనే. చాలామంది చిన్నప్పుడే పోయారు. ఆ కవలల్లో ఒకడు నాలుగేళ్ళకే పోయాడు.

ఈమె తల్లి పేరూ ఫౌస్టీనాయే. ఆ తల్లి ముఖం ఉన్న బంగారు నాణెం ఒకటి మన నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికింది.