పార్ట్‌టైం అంటే ఎవరి టైం?

(బడి వంట పనివాళ్ల సభలో చేసిన ప్రసంగం)



మేము బళ్లో మధ్యాహ్నం అన్నం వండేవాళ్లం. మా పని పార్ట్‌టైం అని కాగితాల్లో రాసుకున్నారు. ఏ గడియారం చూసి రాశారో గాని, పొద్దున ఎనిమిదింటికి కట్టెలు, నీళ్లు, బియ్యం ఏరడంతో మొదలుపెడితే గిన్నెలు తోమి బోర్లించేసరికి మూడవుతుంది. అప్పుడు మమ్మల్ని కూలికి పిలిచేదెవరు? నాట్లకు పోయే ముఠా తెల్లారే పోయింది. ఒకరోజు వంట మాని నాటుకు పోదామంటే, వంట ఇంకొకరికి ఇచ్చేస్తామంటారు. అంటే దినమంతా వాళ్లే తీసుకుంటున్నారు, లెక్క మాత్రం పూటకే కడుతున్నారు. పని లేనోళ్ల లెక్కలో మేం లేం, పనున్నోళ్ల కూలి మాకు లేదు.

జీతం అనకూడదట, గౌరవ వేతనమట. 2009లో కేంద్రం నెలకు వెయ్యి అంది, అదీ ఏడాదికి పది నెలలే. ఎండాకాలం మా ఇంటి పొయ్యికి కూడా సెలవు కాబోలు! ఆంధ్రలో 2019లో మూడు వేలు చేశారు. రోజుకు వంద. పప్పు, కూరగాయలు కొట్లో అరువు తెచ్చి వండుతాం. బిల్లు నెలల తరబడి రాకపోతే వడ్డీ మా నెత్తినే. సర్కారుకే అప్పిచ్చే పనివాళ్లం మేమే అనుకుంటాం.

ఈ గరిటె ఎవరి దయా కాదు. బళ్లో వండిన అన్నం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు చెప్పింది. వండే పనిలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న చెప్పింది. ఆ మాట పట్టుకుని వాడల నుంచి వంటగదిలోకి వచ్చాం. మా చేతి కూడు వద్దని పిల్లలకు క్యారేజీలు కట్టిచ్చిన ఇళ్లున్నాయి. అయినా గరిటె వదల్లేదు. అందుకే కూలి అడిగినప్పుడు "ఇష్టం లేకపోతే మానుకోండి" అంటే మా గొంతు పడిపోతుంది. మేం మానేస్తే ఎవరు సంతోషిస్తారో మాకు తెలుసు గదా!

ఉత్తరప్రదేశ్‌లో వంట చేసే ఒక అక్క మానుకోలేదు, కోర్టుకెక్కింది. నెలకు వెయ్యికి వండించడం వెట్టి చాకిరీయేనని, అది రాజ్యాంగం 23వ అధికరణానికి విరుద్ధమని, కనీస వేతనం ఇవ్వాలని అలహాబాద్ హైకోర్టు 2020 డిసెంబరు 15న తీర్పిచ్చింది.

రేపటి నుంచి ప్రతి వంటగదిలో వచ్చిన టైం, పోయిన టైం బొగ్గుతో గోడ మీద రాద్దాం. రాయడం రానోళ్లకు మన పిల్లలే రాసిపెడతారు. నెల తిరిగాక ఆ లెక్కంతా కాగితం మీదకు ఎక్కించుకుని అందరం కలిసి మండలాఫీసుకు పోదాం.

జై భీమ్!